ముందు ఆ అవ్వ డబ్బులు ఇప్పించమనండి

ప్రశ్న: మార్కాపురం దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీష్ టీచర్ని. తొమ్మిదో తరగతిలో 42 మంది ఉన్నారు. చదవమంటే చదువుతారు, నోట్సు ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తారు. నోరు విప్పమంటే మాత్రం తల దించుకుంటారు. మొన్న ట్రైనింగులో ‘ప్రాబ్లెం బేస్డ్ లెర్నింగ్’ గురించి చెప్పారు. ఒక సమస్య ఇచ్చి గ్రూపులుగా పరిష్కరించమంటే మాట్లాడటం దానంతటదే వస్తుందన్నారు. ఉత్సాహంగా వచ్చి గ్లోబల్ వార్మింగ్ ఇచ్చాను. ఏడు గ్రూపులూ తెలుగులో కబుర్లు చెప్పుకున్నాయి. చివర్లో ఫస్ట్ ర్యాంకు అమ్మాయి లేచి గైడులోని వ్యాసం అప్పజెప్పింది, మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. గోల విని హెచ్.ఎం. గారు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్లారు. క్లాసులో తెలుగు మాట్లాడితే రూపాయి ఫైను వేయమని ఒక కొలీగ్ సలహా ఇచ్చారు. అసలు ఈ పద్ధతి మన బడులకు పనికొస్తుందా? మార్కులు ఎలా వేయాలి? నిజం చెప్పొద్దూ, నాకే ఇంగ్లీషు గడగడా రాదు. లోపం నాలోనే ఉందేమో.

సమాధానం: టీచర్ గారూ, ఫైను సంగతి ముందే తేల్చేద్దాం. వద్దు. నోరు తెరిస్తే రూపాయి పోతుందన్న చోట పిల్లలు ఇంగ్లీషు అందుకోరు, నోరు మూసుకుంటారు. మూసుకున్న నోటికి ఫైను లేదు కదా!

ఇక గ్లోబల్ వార్మింగ్. నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో ప్లాస్టిక్ నిషేధం మీద గ్రూప్ డిస్కషన్ పెట్టాను. ఆరు గ్రూపుల లీడర్లూ లేచి ఒకే పేరా చెప్పారు, కామా ఉన్న చోటల్లా ఆగుతూ. ఆ ఏడాది ఊళ్లో అందరూ కొన్నది ఒకే గైడు. అప్పటికి పిల్లల మీద కోపం వచ్చింది గానీ ఇంటికెళ్లి ఆలోచిస్తే తప్పు నా ప్రశ్నలోనే కనిపించింది. ప్లాస్టిక్ మంచిదని వాదించేవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు. ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియనిదీ లేదు. వాళ్లు ఏం తేల్చినా మర్నాడు ఎక్కడా ఏదీ మారదు. అలాంటప్పుడు మాట్లాడుకునే పనేముంది? అప్పజెప్పే పని ఒకటే మిగిలింది, అప్పజెప్పారు. మీ అమ్మాయి చేసిందీ అదే. ఆమెను ఏమీ అనకండి.

ఈ పద్ధతి పుట్టింది ఇంగ్లీషు క్లాసులో కాదు. కెనడాలో హామిల్టన్ అనే ఊళ్లో, మెక్‌మాస్టర్ యూనివర్సిటీ మెడికల్ కాలేజీలో, 1969లో. ముందు లెక్చర్లు, ఆ తర్వాత రోగి అనే వరసను అక్కడ తిరగేశారు. ఛాతీ నొప్పితో ఒకాయన వచ్చాడనుకోండి, మనకేం తెలుసు, ఏం తెలియదు, తెలియనిది ఎక్కడ దొరుకుతుంది అని విద్యార్థుల చేతే తేల్పించారు. చిన్న గుంపు, పక్కన ఒక ట్యూటర్. అయితే వాళ్లు నేర్చుకోవాల్సింది వైద్యం, భాష వాళ్ల దగ్గర ముందే ఉంది. మీ పిల్లలకు పని రెట్టింపు. ఆలోచించాలి, ఆలోచించినదాన్ని రాని భాషలో చెప్పాలి. దానంతటదే వస్తుందని చెప్పిన ట్రైనర్ ఈ తేడాను దాటేసి వెళ్లిపోయారు. 42 మంది తెలుగు పిల్లలు తమలో తాము ఒక చిక్కు విప్పుకోవడానికి ఇంగ్లీషు ఎందుకు వాడతారు? నేనైనా వాడను.

అందుకే సమస్యను ఎంచుకునేటప్పుడు నేను ముందు వెతికేది ఒకటే: ఇందులో తెలుగు రాని మనిషి ఎవరు? ఆ మనిషి లేకపోతే ఇంగ్లీషు నాటకమైపోతుంది, పిల్లలు ఇట్టే పసిగడతారు. స్కూలు దగ్గర ఎక్స్‌ప్రెస్ బస్సు ఆపడం లేదనుకోండి. మంచి సమస్యే, అచ్చంగా పిల్లలదే. కానీ డిపో మేనేజరుకు తెలుగు వచ్చు. దాన్ని మీ తెలుగు మాస్టారికి ఇచ్చేయండి, బ్రహ్మాండమైన అర్జీ రాయిస్తారు.

తెలుగు రాని మనిషి మీ మండలంలోనే దొరకొచ్చు, బ్యాంకులో. ప్రభుత్వ బ్యాంకుల ఆఫీసర్లకు రాష్ట్రాలు దాటి పోస్టింగులు పడతాయి. బీహారు నుంచో ఒడిశా నుంచో వచ్చిన మేనేజరు మన పల్లె బ్రాంచీలో కూర్చుని ఉండటం, అవతల ఒక అవ్వ పాస్‌బుక్కు పట్టుకుని నిలబడటం, మధ్యలో బడికెళ్లే మనవడో మనవరాలో వచ్చీరాని మాటలతో ఇటుదటూ అటుదిటూ చేరవేయడం మీరూ చూసే ఉంటారు. ఇంకేం కావాలి?

నేనైతే బోర్డు మీద ఇంతే రాస్తాను. ఒక అవ్వ బెంగళూరులో కొడుకు దగ్గర మూడేళ్లు ఉండి ఊరికి తిరిగొచ్చింది. ఖాతాలో 18 వేలున్నాయి. మనవరాలి ఫీజుకు సోమవారం ఆఖరు రోజు, ఇవాళ గురువారం. విత్‌డ్రాయల్ ఫారం ఇస్తే ‘అకౌంట్ ఇనాపరేటివ్’ అని వెనక్కి ఇచ్చేశారు. మేనేజరుకు తెలుగు రాదు. అవ్వకు తెలుగు తప్ప రాదు. తోడు వెళ్లింది నువ్వు.

మొదటి పీరియడు తెలుగులోనే జరగనివ్వండి. ఇది రాజీ అనుకోకండి. చిక్కు ఏమిటో అర్థం కాకుండా దాని గురించి ఏ భాషలోనూ మాట్లాడలేం. మనకు తెలిసిందేమిటి, తెలుసుకోవాల్సిందేమిటి అని గ్రూపులు రెండు వరసలు రాసుకుంటే చాలు, రెండో వరస మాత్రం ఇంగ్లీషు ప్రశ్నలుగా ఉండాలి. ఇక్కడ ఒక తమాషా జరుగుతుంది చూడండి. ఫస్ట్ ర్యాంకు అమ్మాయికి ‘ఇనాపరేటివ్’ స్పెల్లింగు తెలుసు. నెలనెలా తాతను బ్యాంకుకు తీసుకెళ్లే వెనక బెంచీ కుర్రాడికి ఏ కౌంటరుకు వెళ్లాలో, ఏ కాగితం అడుగుతారో, భోజనం టైములో ఎవరు సీట్లో ఉంటారో తెలుసు. అందరూ వాడి వైపు తిరుగుతారు. ఇంగ్లీషు క్లాసులో వాడి మాట కోసం ఎవరైనా ఆగడం అదే మొదటిసారి కావచ్చు. గ్లోబల్ వార్మింగ్ వాడికి ఆ అవకాశం ఇవ్వలేదు.

ఆ సాయంత్రం ఇంట్లోనో బ్యాంకులోనో కనుక్కుని రమ్మనండి. సంగతులు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి, మీరుగా చెప్పకూడదు. రెండేళ్లకు మించి ఖాతాదారు వైపు నుంచి ఏ లావాదేవీ జరగకపోతే ఖాతా ఇనాపరేటివ్ అవుతుంది. డబ్బు ఎక్కడికీ పోదు. కేవైసీ కాగితాలు మళ్లీ ఇస్తే ఖాతాను తిరిగి నడిపిస్తారు, అందుకు చార్జీ తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఈ చివరి ముక్క తెలుసుకుని వచ్చిన పిల్ల మర్నాడు ఎంత ధీమాగా నిలబడుతుందో చూడండి.

రెండో పీరియడులో ముడి ఇంకొంచెం బిగించండి. ఆరుగురి గ్రూపుకు ఆరు చీటీలు, ఒక్కో చీటీలో ఒక్కో సంగతి. ఒకదానిలో: పాస్‌బుక్కులో లక్ష్మమ్మ పేరు ‘ఎక్స్’తో ఉంది, ఆధార్‌లో ‘కె ఎస్ హెచ్’తో ఉంది. (ఈ బాధ తెలియని తెలుగు ఇల్లు ఉంటుందా?) ఇంకోదానిలో: ఆధార్‌కు కలిపిన ఫోను నెంబరు బెంగళూరులో ఉన్న కొడుకుది. మరోదానిలో: శనివారం రెండోది, బ్యాంకుకు సెలవు. చీటీ పక్కవాళ్లకు చూపించకూడదు, చూస్తూ చదవకూడదు. బోర్లించి, ఉన్న సంగతి ఇంగ్లీషులో చెప్పాలి. రెండు ముక్కల వాక్యమైనా సరే. ఆరో చీటీ వాడు నోరు విప్పితే తప్ప ముడి వీడదు గనక మిగతా ఐదుగురూ వాడి కోసం ఆగుతారు. మీరు తిట్టి మాట్లాడించే అవసరం ఉండదు.

ఇంతకీ ఆ ఇంగ్లీషు ఎక్కణ్నుంచి వస్తుంది? దీనికి జవాబు కోసం కెనడా దాకా పోనక్కర్లేదు. ఇంగ్లీషు బోధన మీద పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు, కడలూరు లాంటి చోట్ల మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణాన్ని వరస పెట్టి చెప్పడం మానేసి రైల్వే టైంటేబుళ్లు, మ్యాపులు ఇచ్చి, వాటిలో చిక్కులు పెట్టి, పిల్లల మనసును అర్థం మీద నిలబెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా ‘టాస్క్ బేస్డ్ టీచింగ్’ అంటున్నదానికి తొలి అడుగుల్లో అదొకటి. మన దక్షిణాది బడుల్లో, మీ పిల్లల్లాంటి పిల్లలతో పడ్డ అడుగు. ట్రైనింగుల్లో ఆయన పేరు నాకు అరుదుగానే వినిపించింది.

ప్రభు గారు చూసినదాంట్లో మనకు పనికొచ్చేవి రెండు. ఒకరి సమాచారం ఇంకొకరికి చెప్పే పని, సొంత అభిప్రాయం చెప్పే పని, ఇచ్చిన వివరాల నుంచి తర్కించి తేల్చే పని, ఈ మూడిట్లో క్లాసులో బాగా నడిచింది మూడోది. ‘నీ అభిప్రాయం చెప్పు’ అంటే బిక్కమొహం వేసే పిల్లే ‘శుక్రవారం వెళ్లాలా, సోమవారం వెళ్లాలా’ అంటే టక్కున చెబుతుంది, ఎందుకో కూడా చెబుతుంది. రెండోది, టీచర్ ముందు క్లాసంతటితో కలిసి అలాంటి చిక్కునే బోర్డు దగ్గర విప్పి చూపించాలి. తర్వాతే దాని తోబుట్టువు లాంటి చిక్కు పిల్లల చేతికి. పిల్లలు ఒకరి తప్పుల ఇంగ్లీషు ఒకరు పట్టుకుంటారని ఆయన గ్రూప్ వర్కును పెద్దగా ప్రోత్సహించలేదు. ఆ భయంలో నిజముంది గానీ అక్కడ నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించను. 42 మంది ఒక్క టీచర్‌తోనే మాట్లాడాలంటే పీరియడులో ఒక్కొక్కరికీ నిమిషం వస్తుంది.

కాబట్టి చీటీలు పంచే ముందు పదిహేను నిమిషాలు మీ సొంత కష్టం చెప్పండి. నిన్న నా ఏటీఎం కార్డు మెషీన్లో ఇరుక్కుపోయింది, రేపు నాకు డబ్బు కావాలి, వాట్ షుడ్ ఐ డూ? ఒకడు ‘కాల్’ అంటాడు. ‘యెస్, ఐ షుడ్ కాల్ ది బ్యాంక్. వాట్ షుడ్ ఐ టెల్ దెమ్?’ అని వాడి ముక్కనే వాక్యంగా చేసి వాడికే తిరిగి ఇవ్వండి. ‘కార్డ్ బ్లాక్’ అంటారు ఇంకొకరు. దాన్నీ అలాగే. అవ్వ దగ్గరికి వచ్చేసరికి వాళ్లకు కావాల్సిన మాటలు సగం చెవిలో పడి ఉంటాయి. ఓ ఐదు వాక్యాలు బోర్డు మూలన చెరపకుండా ఉంచండి. అంతకు మించి రాస్తే మళ్లీ నోట్సు కింద దించేసుకుంటారు.

ప్రశ్న అడిగాక ఆగడం కూడా చేతనవ్వాలి. 1970ల్లో అమెరికాలో మేరీ బడ్ రోవ్ అనే ఆవిడ సైన్సు క్లాసులు రికార్డు చేసి వింటే, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి. అది వాళ్ల సొంత భాషలో సంగతి. మన పిల్లలకు ఐదారు సెకన్లు ఇవ్వాలి. మనసులో లెక్కపెట్టుకోండి. క్లాసులో ఐదు సెకన్ల నిశ్శబ్దం ఎంత పొడుగో మీకే తెలుస్తుంది. నేనైతే సుద్దముక్క గట్టిగా పట్టుకుని నిలబడేవాణ్ని.

మూడో పీరియడు బ్యాంకు. మూడు కుర్చీలు, మూడు చోట్ల మేనేజర్లు. ఒక కుర్చీలో ఫస్ట్ ర్యాంకు అమ్మాయిని కూర్చోబెట్టండి. అడగనిదే చెప్పవద్దని ఆమె చీటీలో రాయండి. ఇన్నాళ్లూ అప్పజెప్పిన పిల్ల ఆ పూట అవతలివాళ్లు ఏమంటున్నారో వినాలి, వాళ్లను ప్రశ్నలు అడగాలి. అది ఆమెకూ కొత్త పాఠమే. మిగతావాళ్లు జంటలుగా, ఒకరు అవ్వ, ఒకరు తోడు, మొదటి కుర్చీ నుంచి మూడో కుర్చీ దాకా అదే గోడు చెప్పుకుంటూ వెళ్లాలి. ప్రతి చోటా టైము తగ్గుతుంది. ఒకే సంగతిని ముగ్గురు వేరువేరు మనుషులకు నాలుగు, మూడు, రెండు నిమిషాల్లో చెప్పించే పద్ధతి ఒకటి ఉంది, పాల్ నేషన్ లాంటి భాషా బోధన పరిశోధకులు దాని గురించి రాశారు. తొమ్మిదో తరగతికి నాలుగు నిమిషాలు ఎక్కువ, రెండుతో మొదలుపెట్టి ఒకటికి దించండి. మొదటి మేనేజరు దగ్గర ‘షీ... మనీ... నో’ అన్న పిల్ల మూడో మేనేజరు దగ్గర ‘షీ వాజ్ ఇన్ బెంగళూరు ఫర్ త్రీ ఇయర్స్’ అంటుంది. అందరూ అనరు. కొందరు అంటారు. మూడు కుర్చీల ముందూ అందరూ ఒకేసారి పట్టరు, సగం మంది కాగితం మీద దరఖాస్తు రాస్తూ వంతు కోసం కూర్చుంటారు. నిజం బ్యాంకులోనూ అంతేగా.

ఆ మాట్లాడే సేపు తప్పులు దిద్దకండి. చెవిన పడ్డవి కాగితం మీద రాసుకోండి, ఆఖరి ఐదు నిమిషాల్లో పేర్లు చెప్పకుండా ఒక్క రకం తప్పు బోర్డు మీద పెట్టండి. మన పిల్లలకు ప్రశ్న వేయడం దగ్గరే ఎక్కువ చిక్కు. తెలుగులో వాక్యం చివర ‘ఆ’ తగిలిస్తే ప్రశ్న అయిపోతుంది కనక ఇంగ్లీషుకూ అదే తగిలిస్తారు: ‘మనీ గివ్ ఆ?’, ‘ఆధార్ ఇంపార్టెంట్ ఆ?’. అది తెలివితక్కువతనం కాదు, వచ్చిన భాష తెలివిని రాని భాషకు అరువిస్తున్నారు. అదే మాట వాళ్లతో అనండి, నవ్వుకుంటారు, ఆ తర్వాత ‘కెన్ యూ’, ‘డూ వుయ్ నీడ్’ పట్టుకుంటారు. ఆ వారానికి ఆ తప్పు చాలు. ‘ఎ’, ‘ది’ల జోలికి ఇప్పుడప్పుడే పోకండి, వాటివల్ల ఏ అవ్వ డబ్బూ ఆగదు.

అవ్వ పని అయ్యాక ఇంకో పదిహేను రోజులకు ఇంకోటి కావాలి కదా, అది మీ ఊరి పక్కనే ఉంది. శ్రీశైలానికి రైల్లో వచ్చేవాళ్లు చాలామంది దిగేది మార్కాపురం రోడ్ స్టేషన్లోనే. మహారాష్ట్ర నుంచి ఒక కుటుంబం రాత్రి ఆలస్యంగా దిగింది. వాళ్లలో ఒక పెద్దావిడకు మోకాళ్ల నొప్పి. పొద్దున్నే దర్శనం టికెట్టు ఉంది. చేతిలో డబ్బు తక్కువ. దోర్నాల దగ్గర అడవి దారి రాత్రిపూట మూసేస్తారు. స్టేషన్ బయట నువ్వున్నావు, ఏం సలహా ఇస్తావు? బస్సుల టైములు పిల్లలే బస్టాండులో రాసుకు రావాలి. వాళ్లకు హిందీ వచ్చు కదా సార్ అంటాడు ఎవడో. నీకు వచ్చా అని అడగండి. ఈ సమస్యకు ఒకే సరైన జవాబు లేదు. లాడ్జిలో ఉంటే డబ్బు పోతుంది, స్టేషన్లో పడుకుంటే పెద్దావిడకు కష్టం, తెల్లవారుజామున బయల్దేరితే దర్శనం దాటిపోవచ్చు. అందుకే గ్రూపులు పోట్లాడుకుంటాయి, పోట్లాట కొంత తెలుగులో జరుగుతుంది. జరగనివ్వండి. ఆ కుటుంబం ముందు నిలబడి చెప్పేది మాత్రం ఇంగ్లీషులో.

మార్కుల సంగతి అడిగారు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో నోటి పరీక్ష లేదు, కాబట్టి మాట్లాడటానికి బడిలో ఎప్పుడూ ఆఖరి బెంచీయే. ఎఫ్.ఏ.లో, అంటే బడిలోనే పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో, మీ చేతిలో ఉన్న కాసిని మార్కుల కోసం నేను మూడే చూస్తాను: విన్నవాళ్లకు పని అర్థమైందా, ఎదురు ప్రశ్నకు ఏదో ఒక జవాబు వచ్చిందా, తెలియని మాట దగ్గర ఆగిపోకుండా చుట్టూ తిరిగైనా చెప్పారా. ‘విత్‌డ్రాయల్’ గుర్తురాక ‘టేక్ మనీ పేపర్’ అన్న పిల్లకు నేను పూర్తి మార్కులు వేస్తాను. ఇప్పుడు ఒక్కొక్కరినీ నిమిషం పాటు మీ ఫోనులో రికార్డు చేసుకోండి, సంక్రాంతి తర్వాత మళ్లీ చేసి ఎవరిది వాళ్లకు వినిపించండి. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి.

వారమంతా ఇదే చేయాలని కూడా అనుకోకండి. సిలబస్ ఉంది, ఇన్‌స్పెక్షన్ ఉంది. పదిహేను రోజులకు మూడు పీరియడ్లు చాలు. హెచ్.ఎం. గారికి ముందు రోజే చెప్పి, బ్యాంకు పీరియడుకు ఆయన్నే మూడో కుర్చీలో మేనేజరుగా కూర్చోమని పిలవండి. ఆయన ఇంగ్లీషులో అడుగుతుంటే పిల్లలు చెప్పే జవాబులు విన్నాక ఆ శబ్దాన్ని ఆయన గోల అనరు. రాకపోతే వేపచెట్టు కిందికి పోండి.

ఇక మీ భయం. మొదటి రోజు ఒక మేనేజరు కుర్చీలో మీరే కూర్చోండి. బీహారు నుంచి వచ్చిన ఆ మేనేజరు ఇంటి భాష ఏ భోజ్‌పురియో, మైథిలో అయి ఉంటుంది. ఆయన ఇంగ్లీషూ గడగడా సాగదు, ఆయనా తడుముకుంటాడు, ఒక మాట రెండుసార్లు అడుగుతాడు. మీరు తడబడితే పాత్రకు సరిగ్గా సరిపోతుంది. కష్టమల్లా తెలుగు ముక్క అర్థం కానట్టు మొహం పెట్టడం. వెనక బెంచీలోంచి మీ మీదే తెలుగులో జోకులు పడతాయి. నవ్వారో, బ్యాంకు మూతపడినట్టే.